ఖైరాత్‌గా రాని కుర్సీ

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు: "జాకిర్ హుసేన్ సాహెబ్‌కు సదర్ బనాయే." తెలుగులో చెప్పినా అంతే, "ఆయన్ని రాష్ట్రపతిని చేశారు." నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు సాహిత్యం. రెండు భాషల వ్యాకరణాలతోనూ తంటాలు పడ్డవాణ్ని కాబట్టి క్రియల దగ్గర నాకు కాస్త పట్టింపు ఎక్కువ. "చేశారు" అంటే కర్త ఇంకెవరో. ఆయన ఊరికే కూర్చుని ఉంటే ఎవరో వచ్చి చేయి పట్టుకుని కుర్సీలో కూర్చోబెట్టారని అర్థం వస్తుంది.

తారీఖ్ తిరగేస్తే సంగతి అలా లేదు. 1967 మే నెలలో ఆ కుర్సీ కోసం గట్టి ముకాబలా జరిగింది. ఎదుట నిలబడ్డ ఉమ్మీద్‌వార్ చిన్న మనిషి కాదు. ఈ దేశం ఒక ముసల్మాన్‌ను సదర్‌గా ఒప్పుకుంటుందా అనే సవాల్ అప్పుడు గుసగుసలతో ఆగలేదు, బహిరంగంగానే నడిచింది. ఆ సవాల్‌కు జవాబు ఓట్ల పెట్టెలోంచి వచ్చింది. జాకిర్ సాహెబ్ గెలిచారు.

ఎవరో చేస్తే అది ఎహసాన్. గెలిస్తే హక్. మన పిల్లలకు ఈ ఫరక్ తెలియాలని నా కోరిక. అయితే 1967 ఒక్కటే చెప్పి ఊరుకుంటే కథ సగమే అవుతుంది. రెండేళ్లు తిరక్కుండానే జాకిర్ సాహెబ్ ఇంతెకాల్ అయ్యారు. ఆ ఖాళీ అయిన కుర్సీ కోసం 1969లో జరిగిన ఎన్నిక ఇంకా ఘాటైనది. రెండు ఎన్నికలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఇన్సాఫ్ ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తడబడిందో తెలుస్తుంది.

ఇంకో విశేషం కూడా ఉంది. ఈ రెండు ఎన్నికల్లో ముందు వరుసలో ఉన్న నలుగురికీ మన నేలతోనో మన భాషతోనో రిష్తా ఉంది. జాకిర్ హుసేన్ పుట్టింది హైదరాబాద్‌లో. ఆయన మీద నిలబడ్డ కోకా సుబ్బారావుది రాజమండ్రి. 1969లో తలపడ్డ నీలం సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా ఇల్లూరు. వి.వి. గిరి బరంపురంలో తెలుగు ఇంట పుట్టారు.

ఓటు ఎవరిది, లెక్క ఎలా

2002లో అబ్దుల్ కలాం సాహెబ్ ఎన్నికప్పుడు నేను పత్రికా డెస్కులో కొత్తగా చేరాను. మా సీనియర్ ఒకాయన కాగితం ఇచ్చి, "మన ఎమ్మెల్యే ఓటు విలువ ఎంతో నువ్వే కట్టు" అన్నారు. అలా నేర్చుకున్న లెక్క ఇది.

సదర్‌ను మీరూ నేనూ నేరుగా ఎన్నుకోం. పార్లమెంటుకు ఎన్నికైన ఎంపీలు, రాష్ట్రాల్లో ఎన్నికైన ఎమ్మెల్యేలు ఓటేస్తారు. ఒక్కో ఎమ్మెల్యే ఓటుకు ఒక విలువ. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని వెయ్యితో భాగించాలి. 1961 జనగణనలో ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 3 కోట్ల 60 లక్షలు, 1967లో ఎమ్మెల్యేలు 287 మంది. లెక్క కడితే ఒక్కో ఓటు విలువ 125. ఉత్తరప్రదేశ్‌లో అదే 174. అన్ని రాష్ట్రాల ఎమ్మెల్యే ఓట్ల మొత్తం విలువను ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. అప్పట్లో అది 576.

రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని పడతాయి. ఒకటి, ఈ ఓటు రహస్యం. ఎవరు ఎవరికి వేశారో పార్టీకి కూడా తెలియదు. రెండు, ఓటరు ఒక్క పేరు దగ్గరే ఆగనక్కర్లేదు. ఒకటి, రెండు, మూడు అని తన ప్రాధాన్యాలు రాయొచ్చు. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటకపోతే తక్కువ వచ్చినవాళ్లను తీసేసి, వాళ్ల ఓట్లలో రెండో ప్రాధాన్యం ఎవరికుందో చూసి పంచుతారు.

1967: జంకు లోపలిదే

ఆ ఏడాది ఫిబ్రవరి ఎన్నికలు కాంగ్రెస్‌ను కుదిపేశాయి. లోక్‌సభలో 283 సీట్లతో ఢిల్లీ నిలిచింది గానీ మద్రాసు, కేరళ, ఒరిస్సా, బిహార్, పంజాబ్, పశ్చిమ బెంగాల్ చేజారిపోయాయి. ఏప్రిల్ మొదటికల్లా ఉత్తరప్రదేశ్ కూడా పోయింది. పార్టీ అధ్యక్షుడు కామరాజ్ తన సొంత ఊరు విరుదునగర్‌లోనే ఓడిపోయారు. అప్పటిదాకా సదర్ ఎన్నిక అంటే కాంగ్రెస్‌కు నామ్‌కేవాస్తే తతంగం. ఇప్పుడు మొదటిసారి ఓడిపోయే ఖతరా వచ్చింది.

రాధాకృష్ణన్ గారి గడువు మేలో ముగుస్తోంది. ఉప రాష్ట్రపతిగా ఐదేళ్లు పనిచేసిన జాకిర్ సాహెబ్ పేరు సహజంగా ముందుకు రావాలి. రాధాకృష్ణన్ గారు కూడా అలా వచ్చినవారే. కానీ ఈసారి కాంగ్రెస్ లోపలే జంకు మొదలైంది. కామరాజ్ రాధాకృష్ణన్ గారినే కొనసాగిద్దామన్నారు. ఇందిరా గాంధీ జాకిర్ సాహెబ్ పేరు మీద గట్టిగా నిలబడ్డారు. జంకుకు కారణం రహస్య ఓటు. పైకి తలూపిన ఎమ్మెల్యే పర్దా వెనక్కి వెళ్లి ఏం చేస్తాడో ఎవరికి తెలుసు? బటవారా జరిగి ఇరవై ఏళ్లే. పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసి రెండేళ్లు కూడా నిండలేదు. అలాంటి రోజుల్లో ఒక ముసల్మాన్ పేరు మీద పార్టీ పరువు పందెం కాయాలా అన్నది వాళ్ల ఫికర్.

ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఎవరో కొంచెం చూద్దాం. 1897లో హైదరాబాద్‌లో పుట్టారు. ఖాందాన్ ఉత్తరప్రదేశ్‌లోని ఖాయింగంజ్ పఠాన్‌లది. తండ్రి ఇక్కడ వకాలత్ చేసేవారు. ఆయన 1907లో చనిపోవడంతో కుటుంబం వెనక్కి వెళ్లిపోయింది. అలీగఢ్‌లో చదువుతూ ఖిలాఫత్, సహాయ నిరాకరణ రోజుల్లో బయటికి వచ్చి జామియా మిల్లియా పునాదిలో పాలుపంచుకున్నారు. బెర్లిన్‌లో డాక్టరేట్ చేసి వచ్చి, 1926 నుంచి 1948 దాకా ఆ జామియాను భుజాల మీద మోశారు. బటవారా తర్వాత అలీగఢ్ యూనివర్సిటీ పట్ల దేశమంతా అనుమానంగా చూస్తున్న రోజుల్లో దాని వైస్ చాన్సలర్ అయ్యారు. ఆ తర్వాత బిహార్ గవర్నరు, ఉప రాష్ట్రపతి. ఉర్దూ బడిలో చదివినవాళ్లకు ఆయన ఇంకోలా కూడా తెలుసు. పిల్లల కోసం 'అబ్బూ ఖాన్ కీ బక్రీ' రాసింది ఈయనే.

సుబ్బారావు గారికీ ఇన్సాఫ్ చేద్దాం

ఎదుటిపక్షాలు నిలబెట్టింది కోకా సుబ్బారావును. ఆయన అప్పటికి సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్. 1967 ఏప్రిల్ 11న రాజీనామా చేశారు. పోలింగ్ మే 6. అంటే దేశంలోకెల్లా పెద్ద జడ్జి, కుర్సీ దిగిన నాలుగు వారాల్లోపే ఎన్నికల బరిలో ఓట్లు అడిగారన్నమాట. ఇది సబబేనా అన్న చర్చ అప్పుడే లేచింది. రేపు పార్టీల మద్దతుతో పోటీ చేయబోయే మనిషి నిన్న ఇచ్చిన తీర్పులను జనం ఏ కళ్లతో చూస్తారు? ఆ ప్రశ్న వాజిబే. ఇవాళ కూడా దానికి పాతబడిన వాసన రాలేదు.

కానీ మన వైపు జరిగే ఒక జ్యాదతీ గురించి కూడా చెప్పాలి. "ముసల్మాన్‌ను అడ్డుకోవడానికి ఒక హిందూ జడ్జిని తెచ్చారు" అని కథను కుదించి చెప్పుకునే అలవాటు మనలో ఉంది. జనసంఘ్ సుబ్బారావుకు మద్దతిచ్చింది నిజం. మజహబ్ మాట ఎత్తి ఓట్లు మళ్లించాలని చూసినవాళ్లు ఉన్నదీ నిజం. కానీ ఆయన వెనుక నిలబడ్డవాళ్లంతా ఆ కారణంగా నిలబడలేదు. కాంగ్రెస్ ఇరవై ఏళ్ల పెత్తనానికి ఎక్కడో ఒకచోట కళ్లెం వేయాలన్నది చాలామంది మక్సద్.

పైగా ఆయన చీఫ్ జస్టిస్‌గా ఇచ్చిన పెద్ద తీర్పు ఏమిటో చూడండి. అదే ఏడాది ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు ఉండగా, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని తేల్చారు. మజహబీ ఆజాదీ ఇచ్చే 25వ అధికరణం, మన మదర్సాలకూ ఉర్దూ బడులకూ ఆసరాగా ఉన్న 29, 30 అధికరణలు ఉన్నది ఆ హక్కుల అధ్యాయంలోనే. ఆ తీర్పు మంచిచెడ్డల మీద లాయర్లు ఇంకా వాదించుకోవచ్చు, తర్వాత 1973లో సుప్రీంకోర్టే దాన్ని మార్చింది కూడా. కానీ అలాంటి తీర్పు రాసిన మనిషిని ముసల్మాన్‌ల దుష్మన్‌గా చూపించడం ఇన్సాఫ్ కాదు. జాకిర్ సాహెబ్ గెలుపు విలువ కూడా అక్కడే ఉంది. ఎదుట నిలబడ్డది దిష్టిబొమ్మ అయితే గెలుపులో ఏముంటుంది?

ఆ ఎన్నికలో మొత్తం 17 మంది పోటీ చేశారు. అసలు పోటీ ఇద్దరి మధ్యే. జాకిర్ హుసేన్‌కు 4,71,244 ఓట్లు, సుబ్బారావుకు 3,63,971. ఫరక్ 1,07,273.

ఈ అంకెల వెనుక ఉన్నది ఒకసారి ఊహించండి. ఓటేసినవాళ్లలో ముసల్మాన్‌లు ఏ కొద్దిమందో. మిగతావాళ్లలో ఎవరికైనా మనసులో గుబులు ఉంటే, పేరు బయటపడకుండా ఎదుటివారికి ఓటేసి హాయిగా ఇంటికి వెళ్లొచ్చు. అడిగేవాళ్లు లేరు. అలాంటి పర్దా చాటున కూడా ఎక్కువ మంది కలం జాకిర్ హుసేన్ పేరు మీదకే వెళ్లింది. చేతులెత్తి ఓటేసే పద్ధతి ఉండి, ఆయన గెలిచి ఉంటే, "పార్టీ భయంతో వేశారు" అనేవాళ్లు ఉండేవారు. రహస్య ఓటు ఆ మాటకు చోటు లేకుండా చేసింది. ఏది చూసి కాంగ్రెస్ జంకిందో అదే ఆయన ఇజ్జత్‌కు గవాహీ అయింది.

మే 13న ప్రమాణం చేసినప్పుడు జాకిర్ సాహెబ్ భారత్ మొత్తం తన ఇల్లనీ, దాని జనమే తన కుటుంబమనీ అన్నారు. ఓట్లు రాకపోయినా ఆ మాట అనగలిగే మనిషే ఆయన. కానీ గెలిచి అన్నారు కాబట్టి ఎవరూ దాన్ని గుజారిష్‌గా వినలేదు.

1969: ఖాళీ అయిన కుర్సీ

1969 మే 3న జాకిర్ సాహెబ్ రాష్ట్రపతి భవన్‌లోనే గుండె ఆగి ఇంతెకాల్ అయ్యారు. పదవిలో ఉండగా చనిపోయిన మొదటి రాష్ట్రపతి ఆయనే. తాను పెంచిన జామియా మిల్లియా ఆవరణలోనే ఆయన్ని దఫన్ చేశారు.

ఉప రాష్ట్రపతి గిరి తాత్కాలికంగా బాధ్యతలు తీసుకున్నారు. ఇక్కడొక చిక్కు బయటపడింది. ఉప రాష్ట్రపతి కూడా దిగిపోతే కుర్సీలో ఎవరు? దస్తూర్‌లో దానికి నేరుగా జవాబు లేదు. పార్లమెంటు నిర్ణయించవచ్చని మాత్రమే ఉంది. పార్లమెంటు మే నెలలోనే ఒక చట్టం తెచ్చింది. అలాంటప్పుడు సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ ఆ పని చూడాలని దాని సారాంశం. అది వెంటనే అవసరపడింది కూడా.

కాంగ్రెస్ అప్పటికే నిలువునా చీలడానికి సిద్ధంగా ఉంది. ఒకవైపు ఇందిరా గాంధీ, ఇంకోవైపు సిండికేట్ అని పిలిచే పాత నాయకులు. సదర్‌గా ఎవరుంటే రేపు ఎవరి ప్రధానమంత్రి పదవి నిలుస్తుందో, ఎవరిది ఊడుతుందో అన్నంత దూరం వెళ్లింది లెక్క. జూలైలో బెంగళూరులో పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. గాంధీజీ శతజయంతి ఏడాది కాబట్టి జగ్జీవన్ రామ్‌ను నిలబెడదామని ఇందిరా గాంధీ అన్నారు. ఎక్కువమంది సంజీవరెడ్డి వైపు వెళ్లారు. బోర్డులో ఇందిర పక్షాన నిలిచిన మనిషి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్, ఐదేళ్ల తర్వాత సదర్ అయిన ఆయనే.

ఇందిరా గాంధీ సంజీవరెడ్డి నామినేషన్ కాగితం మీద స్వయంగా దస్తఖత్ చేశారు. కానీ మనసు అక్కడ లేదని అందరికీ తెలుసు. జూలై 16న మొరార్జీ దేశాయ్ చేతిలోని ఆర్థిక శాఖను తీసేసుకున్నారు. 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. ఆ ఆర్డినెన్స్ మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసింది గిరి. మర్నాడు 20న ఆయన పదవికి రాజీనామా ఇచ్చి, ఇండిపెండెంట్‌గా పోటీకి దిగారు. సంజీవరెడ్డి కూడా లోక్‌సభ స్పీకర్ పదవి వదిలి వచ్చినవారే.

రెండేళ్ల వ్యవధిలో జరిగింది చూడండి. చీఫ్ జస్టిస్ దిగి పోటీ చేశారు. స్పీకర్ దిగి పోటీ చేశారు. తాత్కాలిక రాష్ట్రపతి దిగి పోటీ చేశారు. క్రికెట్ భాషలో చెప్పాలంటే అంపైర్లు కోటు విప్పి బ్యాటు పట్టుకున్నారు. ఎవరూ కానూన్ తప్పలేదు. ముగ్గురూ యోగ్యులే. అయినా గ్రౌండు చుట్టూ ఉన్న జనానికి అంపైర్ మీద భరోసా కొంచెం తగ్గుతుంది.

ఒక్క అంపైర్

గిరి దిగిన రోజు నుంచి, అంటే జూలై 20 నుంచి ఆగస్టు 24 దాకా, 35 రోజులు ఈ దేశానికి తాత్కాలిక సదర్‌గా ఉన్నది జస్టిస్ మొహమ్మద్ హిదాయతుల్లా. ఆ కుర్సీలో కూర్చున్న మొదటి ముసల్మాన్ చీఫ్ జస్టిస్. జాకిర్ సాహెబ్ పేరు తెలిసిన మన ఇళ్లల్లో ఈయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. దేశ సియాసత్ రెండు ముక్కలవుతున్న ఆ ఐదు వారాలు కుర్సీ ఆయన చేతిలో అమానత్‌గా ఉంది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీ వచ్చినప్పుడు ఆతిథ్యం ఇచ్చింది ఆయనే. బ్యాంకుల బిల్లు పార్లమెంటులో పాసై వస్తే ఆమోదించిందీ ఆయనే.

ఆ తర్వాత ఆయన మళ్లీ తన జడ్జి కుర్సీకి తిరిగి వెళ్లారు. బ్యాంకుల చట్టం మీద కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. తాను సంతకం పెట్టిన చట్టం మీద తానే తీర్పు చెప్పకూడదు కాబట్టి హిదాయతుల్లా ఆ బెంచిలో కూర్చోలేదు. పదకొండు మంది జడ్జీలు వేరే విన్నారు, 1970 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని కొట్టేశారు. ఇది పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చే సంగతి కాదు. నాకు మాత్రం ఆ మొత్తం గొడవలో ఇన్సాఫ్ ముఖం కనిపించేది అక్కడే.

జమీర్ కీ ఆవాజ్

పోటీ ముగ్గురి మధ్య బిగిసింది. సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక ఉమ్మీద్‌వార్. గిరికి కమ్యూనిస్టులు, డీఎంకే లాంటి పక్షాల దన్ను ఉంది. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఆ రెండు పార్టీల నాయకుల దగ్గరికి వెళ్లి, మీ రెండో ప్రాధాన్యం ఓట్లు సంజీవరెడ్డికి వేయించండని అడిగారు. ఇందిర వర్గానికి దొరికిన బహానా అదే. మతతత్వ పార్టీతో చేయి కలిపారంటూ జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ నిలదీశారు. ఓటర్లను స్వేచ్ఛగా వదిలేయాలన్నారు. పార్టీ ఉమ్మీద్‌వార్‌కే వేయమని ఆదేశించడానికి ఇందిరా గాంధీ ఒప్పుకోలేదు. చివరికి ఆమె నోటి నుంచి వచ్చిన మాట, అంతరాత్మ చెప్పినట్టు ఓటేయండని. "అంతరాత్మ ప్రబోధం" అనే మాట తెలుగు పత్రికల్లో స్థిరపడిపోయింది. మన భాషలో జమీర్ కీ ఆవాజ్.

ఇది రెండు వైపులా పదునున్న మాట. రహస్య ఓటు పెట్టిందే జమీర్ కోసం. సదర్ పార్టీ నౌకర్ కాకూడదు, ఓటరు కూడా పార్టీకి గులాం కాకూడదు. ఆ లెక్కన ఇందిరా గాంధీ చెప్పింది సరైనదే. కానీ ఒక పేరు మీద దస్తఖత్ చేసి, నెల తిరగకముందే ఆ పేరుకు ఓటేయకపోయినా ఫరవాలేదని చెప్పడం సంజీవరెడ్డి పట్ల ధోఖా కాదా? ఈ రెండూ నిజాలే. 1969 గురించి మాట్లాడేటప్పుడు ఒకదాన్నే పట్టుకుని ఇంకోదాన్ని వదిలేసేవాళ్లు ఎక్కువ.

సంజీవరెడ్డి పరిస్థితి ఆ వేసవిలో సొంత రాష్ట్రంలో కూడా సాఫీగా లేదు. ప్రత్యేక తెలంగాణ కోసం హైదరాబాద్ వీధులు మండుతున్నాయి. 1956 పెద్దమనుషుల ఒప్పందం తుంగలో తొక్కారన్నది ఆ ఉద్యమం ఫిర్యాదు. ఆ ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లలో ఒకరు, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, ఈ సంజీవరెడ్డే.

పోలింగ్‌కు ముందు ఇంకో గలీజ్ పని జరిగింది. సంజీవరెడ్డి వ్యక్తిగత నడవడి మీద పేరు లేని కరపత్రం ఒకటి ఓటర్ల చేతుల్లోకి వెళ్లింది. అందులో ఏం రాశారో నేను ఇక్కడ రాయను. కింద పేరు పెట్టుకునే హిమ్మత్ లేనివాడు రాసింది తోహ్మత్ తప్ప ఖబర్ కాదు. ఇవాళ ఫోన్లలో ఫార్వర్డ్ అవుతూ వచ్చే వాటికి అది పెద్దన్న లాంటిది. ఫోను లేని రోజుల్లో కూడా ఒక కాగితం ముక్క ఒక మనిషి మీద అంత బురద చల్లగలిగింది.

లెక్కింపు, తర్వాత కచేరీ

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. గెలవడానికి 4,18,169 కావాలి. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సరిపోలేదు. వెనుకబడ్డవాళ్లను ఒక్కొక్కరిగా తీసేసి రెండో ప్రాధాన్యాలు పంచారు. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. ఫరక్ 14,650. ఎంపీ ఓట్ల లెక్కన కడితే పాతిక మంది ఓట్ల తేడా అంతే. రెండో ప్రాధాన్యం ఓట్ల దాకా వెళ్లి తేలిన సదర్ ఎన్నిక అదొక్కటే.

అంత తక్కువ తేడాతో, అంత కరపత్రం గొడవతో గెలిస్తే షక్ రాకుండా ఉంటుందా? సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. ఓటర్ల మీద అక్రమ ప్రభావం పడిందన్నది ఆరోపణ. ఐదుగురు జడ్జీల బెంచి విచారించింది. గద్దె మీద ఉన్న రాష్ట్రపతి గిరి తానే కోర్టుకు వచ్చి గవాహీ ఇచ్చారు. ప్రశ్నలకు జవాబులు చెప్పారు. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టేసింది, ఎన్నిక నిలిచింది. తీర్పు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, సదర్ అంతటివాడు కోర్టుకు వచ్చి జవాబు చెప్పిన దృశ్యం ఈ దేశానికి మిగిలింది.

1974లో చట్టం బిగించారు. అంతకుముందు ప్రతిపాదించేవాడు ఒకడు, బలపరిచేవాడు ఒకడు ఉంటే చాలు, ఎవరైనా నామినేషన్ వేయొచ్చు. అప్పటి నుంచి పది మంది ప్రతిపాదించాలి, పది మంది బలపరచాలి, 2,500 రూపాయలు జమానత్ కట్టాలి. తర్వాత 1997లో అది యాభై, యాభై మంది, 15,000 రూపాయలు అయింది. షౌక్ కోసం నిలబడేవాళ్లను ఆపడానికన్నారు. పార్టీల బలం లేని మనిషికి తలుపు మూసుకుపోయిందన్నది కూడా అంతే నిజం.

మనకు మిగిలేది

ఆ తర్వాత సంగతులు క్లుప్తంగా చెబుతాను. 1969 నవంబరులో కాంగ్రెస్ రెండు ముక్కలైంది. ఓడిన సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా సదర్ అయ్యారు. ఆయన హయాంలోనే, 1979లో, హిదాయతుల్లా సాహెబ్ ఉప రాష్ట్రపతి అయ్యారు. సుబ్బారావు గారు మళ్లీ ఏ ఎన్నికల సందడిలోనూ కనిపించలేదు.

ఇప్పుడు మన వైపు కాస్త కఠినంగా చూసుకుందాం. కుర్సీలో మన పేరున్న మనిషి కూర్చుంటే మన పనులు అయిపోతాయన్న ఉమ్మీద్ మనలో ఉంటుంది. 1954లో జాకిర్ సాహెబే ఉర్దూకు ఉత్తరప్రదేశ్‌లో హక్ ఇవ్వాలంటూ 20 లక్షలకు పైగా దస్తఖత్‌లు సేకరించి అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌కు అందించారు. పదమూడేళ్లకు ఆయనే ఆ కుర్సీలోకి వచ్చారు. ఉర్దూకు ఆ హక్ ఆయన హయాంలో రాలేదు. సదర్ కలానికి మన రాజ్యాంగంలో ఉన్న తాకత్ అంతే, మంత్రిమండలి చెప్పినట్టే నడవాలి. 1975లో ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం చేసింది ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సాహెబ్. ఆ పేరు చూసి ఆనాడు జైళ్లకు వెళ్లినవాళ్లకు, బలవంతంగా నస్‌బందీ చేయించుకున్నవాళ్లకు, తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ఏం ఒరిగింది?

కాబట్టి పేరు ఒక్కటే చాలదు. అలాగని పేరు ఏమీ కాదని కూడా అనను. 1967 మేలో హైదరాబాద్‌లోనో కర్నూలులోనో ఒక ఉర్దూ బడి పంతులు రేడియో దగ్గర చెవి పెట్టి ఆ ఫలితం విని ఉంటే ఆయన గుండె ఎంత తేలికపడి ఉంటుందో నేను ఊహించుకోగలను. ఆ తేలికకు కారణం ఒక ముసల్మాన్ కుర్సీ ఎక్కడం మాత్రమే కాదు. సరైన పోటీలో, సరైన మనిషి మీద, ఎవరూ వేలెత్తి చూపలేని లెక్కతో ఎక్కడం. తక్కువ సంఖ్యలో ఉన్న మనలాంటివాళ్లకు అలాంటి లెక్క ఒక పెద్ద సహారా. బలమున్నవాడికి రూల్స్ లేకపోయినా నడుస్తుంది. మనకు నడవదు.

'అబ్బూ ఖాన్ కీ బక్రీ' చదివినవాళ్లకు చాందినీ గుర్తుండే ఉంటుంది. తాడు తెంపుకుని కొండల్లోకి వెళ్లిన ఆ మేక రాత్రంతా తోడేలుతో పోరాడి తెల్లవారే వేళకు ప్రాణం వదులుతుంది. చెట్టు మీది పక్షులన్నీ తోడేలే గెలిచిందంటాయి. ఒక ముసలి పక్షి మాత్రం చాందినీ గెలిచిందంటుంది. బడిలో మా ఉస్తాద్ దీన్ని ఆజాదీ కథగా చెప్పారు. ఇప్పుడు చదివితే నాకు ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ఎవరు గెలిచారని అడగడంతో పాటు ఎలా పోరాడారని కూడా అడగమంటోంది ఆ ముసలి పక్షి.

ఐదేళ్లకొకసారి సదర్ ఎన్నిక వస్తుంది. టీవీల్లో పేర్లు మారుమోగుతాయి, మన దావత్‌లలో, చాయ్ హోటళ్లలో ఫలానా మనవాడా కాదా అనే బహస్ లేస్తుంది. అప్పుడు పిల్లల ముందు మూడు సవాళ్లు వేయండి. పోటీలో ఉన్నవాళ్లలో ఎవరైనా నిన్నటిదాకా అంపైర్‌గా ఉన్నారా? ఓటరు తన జమీర్‌తో వేస్తున్నాడా, ఎవరి హుకుంతోనైనా వేస్తున్నాడా? ఓడినవాడికి కచేరీ తలుపు తెరిచే ఉందా? వీటికి జవాబులు సరిగ్గా ఉంటే, గెలిచిన పేరు ఏదైనా ఆ కుర్సీ మనది కూడా.